ఖాళీ కడుపుతో సభకొచ్చిన గేదె

సింహాలకు విసుగొస్తుందంటే మీరు నమ్మరు గానీ, పెద్దడవి సింహానికి వచ్చింది. రాళ్లవాగుకు ఇవతల ఉన్న మెట్ట మీద గడ్డి తినే జాతులన్నీ కాపురం ఉండేవి. పొద్దున లేస్తే వాటికి ఏదో ఒక ఫిర్యాదు. దారిలో ముళ్లున్నాయని మేకలు, మేత చాలడం లేదని గొర్రెలు, నీళ్లు ఎండిపోయాయని గేదెలు వాగు దాటి వెళ్లి సింహం గుహ ముందు నిలబడేవి. మాంసం తినేవాడు గడ్డి సంగతులు ఎంతకని వింటాడు? ఒకరోజు సింహం జూలు దులుపుకుని తేల్చి చెప్పేసింది.

"మీ మేత, మీ నీళ్లు, మీ దారులు ఇకమీదట మీరే చూసుకోండి. మీ మెట్టకు మీ ప్రభుత్వం. ఏటా మీ వాటా కింద ఒక పెద్ద ఎండుగడ్డి వామి పంపిస్తాను. దాన్ని ఎలా ఖర్చు పెట్టుకుంటారో మీ ఇష్టం. నన్ను మాత్రం పొద్దున్నే లేపకండి!"

ఆ రోజు మెట్ట మీద పండగే పండగ. సరే, ప్రభుత్వమన్నాక ఎవరో ఒకరు నడపాలి కదా. అప్పుడు నక్క నాంచారయ్య తోక సర్దుకుని ముందుకొచ్చాడు. "నేను గడ్డి తినను. మీ గడ్డికి నాకంటే నమ్మకమైన కాపలా ఎవరుంటారు చెప్పండి?" అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. నాంచారయ్య మెట్ట పెద్ద అయ్యాడు. గాడిద గవరయ్యను పనుల మంత్రిగా పెట్టుకున్నాడు. గవరయ్య చెప్పిన పని చేస్తాడు, ఎందుకని అడగడు. అంతకంటే మంచి మంత్రి ఎక్కడ దొరుకుతాడు?

ప్రభుత్వాన్ని ప్రశ్నలు అడగడానికి జాతికొకరు చొప్పున సభ్యుల్ని ఎన్నుకున్నారు. మెట్ట నడుమ గొడుగులా ముందుకు వంగిన పెద్ద బండ ఉంది. దాని నీడలో సభ. ముసలి ఎద్దు ఓబయ్య అధ్యక్షుడు. గేదెల తరఫున వచ్చింది మన కర్రెమ్మ.

కర్రెమ్మ నిదానం మనిషి. మనిషి అన్నాను, ఏమనుకోకండి, అలాంటి గేదె. ఒక మాట చెవిలో పడితే అది లోపలికి దిగి, మళ్లీ పైకొచ్చి, బాగా నమిలాక గానీ ఆమెకు అసలు సంగతి బోధపడదు. అప్పటికి సభ ముగిసి అందరూ ఇళ్లకు పోయేవాళ్లు. దారిలో ఒక్కర్తీ ఆగి "అదేంటి, అలా ఎలా కుదురుతుంది?" అని పొదలతో అనేది. మేకపోతు పోలయ్య అది చూసి, "అక్కా, నీ ప్రశ్నకు ఆ తుప్ప జవాబు చెప్తుందిలే" అని ఏడిపించేవాడు.

ఆ పోలయ్య వల్లే సభకు ఒక నియమం వచ్చింది. తొలి సభలో ఆయన నోటినిండా రేగాకు కుక్కుకుని ఆవేశంగా మాట్లాడి, ఎదురుగా కూర్చున్న గొర్రె బుల్లెమ్మ మొహమంతా పచ్చటి తుంపర చేశాడు. బుల్లెమ్మ ఏడుపు లంకించుకుంది. నాంచారయ్య ఎంతో బాధపడిపోయి, "మర్యాద అనేది ఒకటుండాలి. నోట్లో మేత ఉన్నవాళ్లు సభలో మాట్లాడకూడదని నియమం పెడదాం" అన్నాడు. అందరూ భేష్ అన్నారు. నెమరువేసే జాతులు సగం పొద్దు నోట్లో మేతతోనే ఉంటాయన్న సంగతి ఆ ఊపులో ఎవరికీ తట్టలేదు. నాంచారయ్యకు తట్టిందో లేదో మీరే ఊహించుకోండి.

మెట్ట ప్రభుత్వం తలపెట్టిన మొదటి పని రాళ్లవాగుకు అడ్డకట్ట. వాగు వానల్లో పొంగి, మాఘం దాటగానే ఇసుకగా మారిపోయేది. పోయిన ఎండాకాలం గేదెలు నీళ్ల కోసం వాగు దాటి పెద్దడవి మడుగుకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ పులులు కూడా నీళ్లు తాగుతాయి. కర్రెమ్మ పెద్ద దూడ తుంటి మీద గోళ్ల గీతలతో తిరిగొచ్చింది. ఈ ఏడు ఆమెకు ఇంకో దూడ పుట్టింది. వాగులో నీళ్లు నిలవకపోతే ఆ చిన్నదాన్నీ పులుల మడుగుకు తీసుకెళ్లాలి. కర్రెమ్మకు ఉన్న బెంగల్లా అదే.

కట్ట పనికి వచ్చే జాతులకు మేతగా వామిలో సగం కేటాయించారు. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు "కట్ట ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు. నాంచారయ్య గొంతు సవరించుకుని ఘనంగా జవాబు చెప్పేవాడు. కానీ సభకు ముందే, ఎండెక్కకుండా, సభ్యులందరికీ కమ్మటి మేత పెట్టించేవాడు. "దూరాల నుంచి వచ్చారు, ఖాళీ కడుపుతో ఎలా కూర్చుంటారు?" అని స్వయంగా వడ్డించేవాడు. వాళ్లు తృప్తిగా తిని, నీడలో చతికిలబడేసరికి నెమరు మొదలయ్యేది. ప్రశ్న అడిగినవాడు కూడా జవాబు సగంలో ఉండగానే నమలడంలో పడేవాడు. దవడలు ఆడితే తలలు ఊగుతాయి కదా. చివర్లో గవరయ్య లేచి చుట్టూ చూసి, "తలలన్నీ ఊగుతున్నాయి, సభ ఒప్పుకుంది!" అని ఓండ్రపెట్టేవాడు. సభ ముగిసేది.

శివరాత్రి వెళ్లిన వారంలో ఒక పొద్దున కర్రెమ్మకు ఒళ్లంతా చిటపటలాడింది. కట్ట దగ్గర ఒక మునక వేసి సభకు పోదామని వాగుకు వెళ్లింది. అక్కడ కట్ట లేదు. నీళ్లూ లేవు. ఒక ఒడ్డున ఒంటరిగా ఒక రాయి, దాని మెడలో వాడిపోయిన దండ తాలూకు తాడు. మిగతాదంతా ఇసుక.

ఆమె పరుగున సభకు వచ్చింది. గేదె పరుగు ఎంత పరుగో మీకు తెలుసు. అప్పటికి వడ్డన అయిపోయింది. నాంచారయ్య నిలబడి, "రాళ్లవాగు అడ్డకట్ట దిగ్విజయంగా పూర్తయిందని సభకు మనవి చేస్తున్నాను" అంటున్నాడు. కర్రెమ్మ చుట్టూ చూసింది. అందరి దవడలూ ఆడుతున్నాయి. అందరి తలలూ ఊగుతున్నాయి. ఎన్నాళ్లుగా తానూ ఆ వరసలో కూర్చుని అలాగే ఊగిందో అప్పుడు తెలిసొచ్చింది. నోరు తెరిచింది.

తెరిచిన నోటిని నాంచారయ్య చూశాడు. "అయ్యయ్యో, వదిన ఏమీ తినలేదే!" అంటూ ఒక్క గెంతులో వచ్చి, గుప్పెడు కమ్మటి గడ్డి ఆమె నోటికి అందించాడు. పరుగెత్తి వచ్చిన ఆకలి. కర్రెమ్మ దవడ తనంతట తానే మూసుకుంది. నమలడం మొదలైపోయింది. "తలలన్నీ ఊగుతున్నాయి!" అని గవరయ్య ఓండ్రపెట్టాడు.

ఆ మధ్యాహ్నం కర్రెమ్మ తన మీద తనే మండిపడింది. అడగాల్సిన మాట నాలుక మీద ఉండగా, దాని మీదే గడ్డి పెట్టించుకున్నాను కదా అని కుమిలింది. దూడ వచ్చి పొదుగు కుమ్మి, "అమ్మా, కట్ట చూశావా? నీళ్లెంత లోతు?" అని అడిగింది. కర్రెమ్మ దాని నుదురు నాకింది. లేచి నేరుగా ఓబయ్య దగ్గరికి నడిచింది.

"ఓబన్నా, నీ పాత చిక్కం ఇంకా ఉందా?"

ఓబయ్య కుర్రతనంలో ఒక రైతు దగ్గర పనిచేశాడు. కుప్ప తొక్కేటప్పుడు ఎద్దులు కంకులు తినెయ్యకుండా మూతికి కట్టే తాళ్లబుట్టే చిక్కం. ముసలితనంలో రైతు వదిలిపెడితే, దాన్ని గుర్తుగా తెచ్చి తుమ్మకొమ్మకు తగిలించుకున్నాడు.

"ఉంది. నీకెందుకమ్మా? దాని మీద నాకే అసహ్యం."

"మూతికి కట్టుకుంటా. రేపటి సభ అయ్యేదాకా."

ఓబయ్య తుమ్మకొమ్మ దగ్గరికి నడిచాడు. "నేను అధ్యక్షుణ్ని. ఎవరి పక్షమూ వహించకూడదు. ఎందుకని అడగను" అని కొమ్ముతో చిక్కం తీసి ముందు పెట్టాడు. ఆపైన గొంతు తగ్గించి, "ముడి చెవుల వెనక బిగించుకో. లేకపోతే జారిపోతుంది" అన్నాడు.

కర్రెమ్మ ఆ పూట నుంచీ గడ్డిపరక ముట్టలేదు. పచ్చజొన్న చేను పక్కనుంచి నడవాల్సి వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. కడుపులో పేగులు అరుస్తున్నా, నెమరుకు ఏమీ మిగలకూడదని ఓర్చుకుంది. గేదెకు అంతకంటే పెద్ద తపస్సు ఉండదు.

మర్నాడు ఆమె చిక్కంతో రాగానే సభ గొల్లున నవ్వింది.

"అక్కా, పెళ్లికి బాసికం కట్టుకున్నావా ఏంటి?" అన్నాడు పోలయ్య.

"మూతికి బుట్ట తగిలించుకుని మాట్లాడ్డానికొచ్చింది చూడు!" అని బుల్లెమ్మ కిసుక్కున నవ్వింది.

నాంచారయ్య అందరికంటే ఎక్కువ సంతోషించాడు. నోరు తెరిచే ఒక్కర్తీ తన నోరు తానే కట్టేసుకొచ్చింది! ఆమెను పట్టించుకోకుండా మిగతావాళ్లకు రెట్టింపు వడ్డించాడు. అందరూ తిన్నారు, చతికిలబడ్డారు, నెమరు మొదలైంది. పోలయ్య ముందుగా రాయించిన ప్రశ్న కట్ట ఖర్చు గురించే. నాంచారయ్య లేచాడు. కట్ట పొడవు, కట్ట గొప్ప, దానికోసం తాను పడ్డ శ్రమ, అన్నీ వర్ణించాడు. "వామిలో సగం గడ్డీ, ఒక్క పరక వృథా కాకుండా, ప్రజల కోసమే ఖర్చయిందని సవినయంగా మనవి" అని ముగించి కూర్చోబోయాడు. తలలన్నీ ఊగుతున్నాయి. గవరయ్య ఓండ్రపెట్టడానికి మెడ చాచాడు.

"అధ్యక్షా! అనుబంధ ప్రశ్న!"

ఆ మాట ఆ సభలో అంతవరకు ఎవరూ అనలేదు. చిక్కం లోంచి వచ్చింది కాబట్టి కొంచెం బొంగురుగా ఉంది గానీ, చివరి వరస దాకా వినపడింది. నాంచారయ్య సగం వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"అభ్యంతరం అధ్యక్షా! ఆవిడ మూతికి చిక్కం ఉంది."

ఓబయ్య నిదానంగా అడిగాడు. "నియమం ఏమిటి? నోట్లో మేత ఉండకూడదని. కర్రెమ్మా, నీ నోట్లో మేత ఉందా?"

"నిన్నటి నుంచీ లేదు అధ్యక్షా."

"అడుగు తల్లీ."

కర్రెమ్మ లేచి నిలబడింది. "నాంచారయ్యా, కట్ట ఏ ఒడ్డు నుంచి మొదలెట్టారు?"

నాంచారయ్య ఎప్పుడూ ఒక్క జవాబుతోనే సభకు వచ్చేవాడు. రెండోది తెచ్చుకునే అవసరం ఎన్నడూ రాలేదు. "తూర్పు ఒడ్డు నుంచి" అన్నాడు నోటికొచ్చినట్టు.

"పడమటి ఒడ్డున కదండీ మనం రాయి వేసింది?" అన్నాడు గవరయ్య అమాయకంగా.

"రెండు ఒడ్ల నుంచీ కట్టుకుంటూ వచ్చాం! నడుమ కలిపాం!"

"నడుమ నీళ్లు ఎంత లోతున్నాయి?"

"నీ మెడలోతు వదినా! దిగితే లేవబుద్ధి కాదు!"

"చల్లటి మాట చెప్పావు. సభ అవగానే మా జాతి అంతా వెళ్లి దిగుతాం."

"ఇప్పుడే వద్దు, ఇప్పుడే వద్దు. కట్ట మట్టి ఇంకా పచ్చిగా ఉంది. ఆరనివ్వాలి."

"మెడలోతు నీళ్లు ఆనుకుని ఉంటే మట్టి ఎలా ఆరుతుంది? మట్టి ఆరేదాకా నీళ్లు రాకపోతే ఆ మెడలోతు ఎక్కడిది?"

నాంచారయ్య నీళ్లు నమిలాడు. వెనక వరసలో ఒకటి రెండు దవడలు ఆగాయి. "అసలు ఈ ఆలస్యానికి కారణం పెద్దడవి" అని గొంతు పెంచాడు. "సింహంగారు మన వాటా గడ్డి సరిగ్గా పంపలేదు! మన మెట్ట మీద వాళ్లకు చిన్నచూపు!"

"ఆలస్యమేంటి, పూర్తయిందన్నావు కదా? వాటా తక్కువని ఇప్పుడంటున్నావు. ఇంత పెద్ద వామి మన తాతల నాడు కూడా చూడలేదని పోయిన పున్నమి సభలో అన్నది ఎవరు?"

"ఆ మాట నేనూ విన్నాను" అన్నాడు ఓబయ్య. "నెమరేస్తూ విన్నాను. అయినా విన్నాను."

కర్రెమ్మ గాడిద వైపు తిరిగింది. "గవరయ్యా, పనుల మంత్రివి నువ్వు. కట్టకు ఎన్ని రాళ్లు మోశావు బాబూ?"

"ఒక్కటేనమ్మా" అన్నాడు గవరయ్య గర్వంగా. "మంచి రాయి. దానికి దండ వేసి, ఉపన్యాసం కూడా చెప్పాం. ఆ దండ తర్వాత పోలయ్య తినేశాడు."

సభలో దవడలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పోలయ్య మూతి నుంచి ఒక పరక వేలాడుతోంది. మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

"మరి సగం వామి ఏమైంది?" అంది కర్రెమ్మ. "పనే జరగలేదు, పనివాళ్లే లేరు. మేత ఎవరు తిన్నారు?"

ఇక దారి లేదని నాంచారయ్యకు అర్థమైంది. దారి లేనప్పుడు నక్క పళ్లు చూపిస్తుంది. "ఎవరు తిన్నారా? నేను నక్కను, నేను తినలేదు. మీ పొట్టలు తడిమి చూసుకోండి! సభ సభకూ కమ్మగా ఉందని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారే, అది ఎక్కడి గడ్డి అనుకున్నారు? మీ కట్ట ఎక్కడుందో తెలుసా? మీ కడుపుల్లో ఉంది!" అని ఎగతాళిగా నవ్వాడు. తనతో పాటు అందరూ దొంగలే అయ్యాక ఇక ఎవరు ఎవర్ని పట్టుకుంటారని అతని ధీమా.

నిజంగానే తలలన్నీ దిగిపోయాయి. బుల్లెమ్మ మళ్లీ ఏడుపు మొదలెట్టింది. కర్రెమ్మకు కూడా నిలువునా సిగ్గేసింది. నిన్న అతని చేతి మీదుగా తిన్న ముద్ద రుచి ఆమెకు ఇంకా గుర్తుంది.

"తిన్నాను" అంది గట్టిగా. "నేనూ తిన్నాను. ఏం పెడుతున్నారని అడక్కుండా తిన్నాను. నాకు సిగ్గుగా ఉంది. అందుకని నోరు మూసుకుంటానా? తిన్నవాళ్లం ఎటూ పోలేదు, ఆ బలం మన ఒంట్లోనే ఉంది. కట్టకు రాళ్లు మేం మోస్తాం. నాంచారయ్యా, బొరియలు తవ్వే గోళ్లు నీవి. మట్టి నువ్వు తవ్వు."

"బాగుంది!" అంటూ పోలయ్య వేలాడుతున్న పరకను ఉమ్మేసి లేచాడు. మాటకు అడ్డం లేకుండా పోయిన ఆనందంలో ఇంకోసారి "బాగుంది!" అని అరిచాడు. సభ ఆమోదించింది. ఈసారి నోళ్లతోనే.

నాంచారయ్యను దించెయ్యాలని కొందరన్నారు. కర్రెమ్మ ఒప్పుకోలేదు. "దించేస్తే జవాబు చెప్పే పని తప్పిపోతుంది. ఉండనీ. నియమం మాత్రం కొంచెం పెంచుదాం. సభలో వడ్డన బంద్. నోట్లో మేత ఉన్నవాళ్లు మాట్లాడకూడదు, నిజమే, మర్యాద మంచిదే. కానీ సభ్యులు నెమరు ముగించి ఇక ప్రశ్నల్లేవని చెప్పేదాకా, జవాబు చెప్పేవాడు కూర్చోకూడదు, కదలకూడదు."

ఇంతేనా అనుకున్నాడు నాంచారయ్య. పదవి పోలేదు, తోక తెగలేదు. కాసేపు నిలబడ్డం ఒక శిక్షా? "మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను అధ్యక్షా!" అన్నాడు వంగి దండం పెట్టి. పాపం, ప్రతిసారీ తలలు ఊగగానే వెళ్లిపోయేవాడు. గేదె నెమరు ఎంతసేపు సాగుతుందో అతను ఏనాడూ చివరిదాకా చూడలేదు.

కట్ట పని మర్నాడే మొదలైంది. గవరయ్య రాళ్లు మోస్తూ పాటలు పాడాడు. ఆ పాటలు ఆపమని బతిమాలుకుంటూ అందరూ రెట్టింపు వేగంతో పనిచేశారు. నాంచారయ్య గోళ్లు అరిగేలా మట్టి తవ్వాడు. రోహిణి ఎండలు ముదరకముందే ఒక సాయంత్రం ఉరుములతో పెద్ద వాన పడింది. రాళ్లవాగు ఎర్రగా పొంగుకొచ్చి, కట్టను ఢీకొని, అక్కడే ఆగింది. కర్రెమ్మ చిన్నదూడ మెడదాకా దిగి, ముక్కు మాత్రం బయటపెట్టి, ఎంత పిలిచినా రాలేదు. కర్రెమ్మ ఒడ్డున నిలబడి చాలాసేపు దాన్నే చూసింది. ఆ ఏడు ఒక్క గేదె కూడా పులుల మడుగుకు పోలేదు.

తర్వాతి సభ కట్ట ఒడ్డునే జరిగింది. చెట్టు నీడ సభ్యులకు, ఎండ జవాబు చెప్పేవాడికి వచ్చింది. నాంచారయ్య మిగిలిన సగం వామి ఖర్చు గురించి చక్కగా, పొట్టిగా చెప్పాడు. చెప్పి నిలబడ్డాడు. కర్రెమ్మ ఇంటి దగ్గర సుష్టుగా మేసి వచ్చింది. కాళ్లు ముడుచుకుని కూర్చుని, అతని మొహం వైపే చూస్తూ నమలసాగింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. గవరయ్య కునికాడు. నాంచారయ్య ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు, నాలుక వేలాడేశాడు.

"వదినా... ప్రశ్నలేమైనా?"

కర్రెమ్మ నోట్లో మేత ఉంది. మర్యాద తెలిసిన గేదె కాబట్టి మాట్లాడలేదు. పొద్దు పడమటికి జారింది. చివరికి ఆమె గుటుక్కున మింగింది. హమ్మయ్య అని నాంచారయ్య మోకాళ్లు వంచాడు. కర్రెమ్మ మెడలో ఏదో కదిలింది. ఇంకో ముద్ద పైకొచ్చింది. ఆమె మళ్లీ నమలడం మొదలెట్టింది, నాంచారయ్య మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

నీతి: అడగాల్సినవాళ్లు ముందే తిని కూర్చుంటే, చెప్పాల్సినవాడికి ఒక్క జవాబు చాలు.